గుమ్మిలో దాచిన పుస్తకాలు

కంటి ఆపరేషన్ అయిన తరువాత చూపించుకోవడానికి మొన్న కరీంనగర్ పోయినప్పుడు, అక్కడి యూనివర్సిటీలో రీసెర్చి చేస్తున్న మా మనవరాలు నన్ను వదలలేదు. వచ్చినదానివి ఎట్లాగూ వచ్చినవు, మా లైబ్రరీ చూసి పోదువు దా బాపమ్మా అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. ఆటో ఎందుకే, బస్సు ఉండగా అంటే విన్నది కాదు. అద్దాల తలుపులు, చల్లటి గాలి, మెత్తటి కుర్చీలు, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఇనుప అరలు, అరల నిండా పుస్తకాలు, ఇంత వైభవం ఉండి కుర్చీల్లో మాత్రం పట్టుమని పదిమంది లేరు. ఉన్నవాళ్ళు కూడా పుస్తకం ముందు పెట్టుకుని ఫోను చూస్తున్నారు. మనిషి లేని మూలల్లో కూడా లైట్లు వెలుగుతుంటే నాకు ప్రాణం ఒప్పలేదు.

“గా లైట్లు బంజెయ్యరాదె, ఎవలున్నరని?” అన్నాను.

“ఇది నీ ఇల్లు కాదు బాపమ్మా, గమ్మున నడువు,” అని నవ్వింది పిల్ల.

నడుస్తూ నడుస్తూ తన బాధ చెప్పుకుంది. అది చేసే రీసెర్చి మన ప్రాంతపు పాత చెరువుల మీద. ఏ చెరువు నిండి మత్తడి దుంకితే ఏ చెరువులోకి నీళ్ళు పోయేవి, ఏ తూము కింద ఏ ఊరి పొలం పారేది, ఇప్పుడు ఇళ్ళ ప్లాట్లయిన చోట్లలో ఒకప్పుడు ఎన్ని చెరువులుండేవి, ఇదీ అది తేల్చవలసింది. నిజాం కాలంలో ఉర్దూలో రాసిన కితాబులు కొన్ని ఉండేవని పాత జాబితాల్లో పేర్లు కనిపిస్తున్నాయట కాని, హైదరాబాదులో వెదికినా ఇక్కడ వెదికినా ఒక్కటీ చిక్కలేదట. గా పుస్తకాలు ఎటు పోయినయో ఎవలికెరుక లేదు బాపమ్మా అన్నది.

నాకు ఎరుకే. కాని అది ఆ చల్లటి గదిలో చెప్పే ముచ్చట కాదు. పిల్లను వెంటబెట్టుకుని బస్సెక్కి ఊరు చేరాను. నేను చదువుకున్నది మూడో తరగతి. రాత కుదురుగా ఉండదు, మాట పొదుపు, కన్నీళ్ళు అంతకన్నా పొదుపు. అయినా నా ఈడువాళ్ళు ఇంకా కొందరు మిగిలి ఉన్నారు గనుక, వాళ్ళకైతే గుమ్మి అంటే ఏమిటో, కందిలి వెలుగులో చదువు అంటే ఏమిటో విప్పి చెప్పే పని లేదు గనుక, వాళ్ళతో చెప్పుకుంటున్నట్టుగా రాస్తున్నాను.

నిజాం రాజ్యం పోయి ఇండియాలో కలిసిన ఏడు నేను బడిలో ఒకటో తరగతి, మా అన్న నాలుగో తరగతి. పై తరగతులకు పోతే అంతా ఉర్దూలో చదవాలని అన్న భయపడుతుండగానే రాజ్యం మారింది, ఉర్దూ పోయి తెలుగు వచ్చింది, ఇంగ్లీషు వచ్చింది. అన్న బతికిపోయానని గంతులు వేశాడు. ఆ గంతుల ఫలితం తరువాత ఎట్లా అనుభవించాడో చెబుతాను. నాకు మూడో తరగతి కాగానే బాపు బడి మాన్పించాడు. ఇద్దరిని చదివించే తాహతు లేదు, ఆడపిల్లకు ఉత్తరం చదవడం వస్తే చాలు అన్నాడు. అవ్వ నా పలక అటక మీద పెట్టింది. అన్న పలకలు, అన్న పుస్తకాలు సర్దిపెట్టడం మాత్రం నా వంతు అయింది. ఆ తరువాత కరీంనగర్‌కు కోసెడు దూరంలో ఉన్న ఊరికి నన్ను ఇచ్చి పెండ్లి చేశారు. మా ఇంటాయనది వ్యవసాయం, చెరువు కింద పొలం, రెండు బర్రెలు. అత్త ఒక్కతే పెద్దదిక్కు.

అన్న హైదరాబాదులో పెద్ద చదువు చదివి, కరీంనగర్ కాలేజిలో లెక్చరర్‌గా కుదిరాడు. ఊరికే కిరాయి కట్టడం ఎందుకని నేనే మా ఇంట్లో ఉండమన్నాను. సైకిల్ మీద పోయి వచ్చేవాడు. పొద్దున తొందరలో సద్ది మరిచిపోవడం వాడికి నిత్యకృత్యం. నేను ఎట్లాగూ పాలు, పెరుగు అమ్ముకోవడానికి పట్నం పోయేదాన్ని గనుక, గంప దించిన తరువాత ఆ సద్దిమూట కాలేజికి తీసుకుపోయేదాన్ని. ఏ గదిలో పాఠం చెబుతున్నాడో నాకు తెలియదు, తెలుసుకోవలసిన పని కూడా లేదు. లైబ్రరీ దగ్గర కూర్చుంటే అన్న అక్కడికే వస్తాడు. అక్కడికి రానివాడెవడు!

ఇప్పటి పిల్లలకు చెప్పినా తెలియదు గాని, ఆ రోజుల్లో ఆ లైబ్రరీ కాలేజికి గుండెకాయ. బంగళా పెంకుల పొడుగాటి హాలు ఒకటి, లోపల అద్దాల బీరువాలు, నడుమ బల్లలు, పైన గరగరమనే ఫ్యాను. పల్లెల నుంచి నడిచి వచ్చే పిల్లలకు సొంత పుస్తకాలు ఉండేవి కావు. ఒకే పుస్తకాన్ని నలుగురు చుట్టూ కూర్చుని చదివి, ఎవరికి వారు రాసుకునేవారు. హాలు నిండితే మెట్ల మీద, మెట్లు నిండితే వేపచెట్టు కింద. ఊళ్ళ నుంచి పట్వారీలు కూడా వచ్చి పాత పుస్తకాల్లో ఏదో చూసుకుని పోయేవారు. వకీళ్ళు వచ్చేవారు. పంచాయితీ తెగని చోట ఆ హాలులోని మాట చెల్లేది.

ఆ హాలుకు దేవుడనండి, పూజారనండి, లైబ్రేరియన్ చిచ్చా. అందరూ చిచ్చా అనేవారు, నేనూ అట్లాగే పిలిచేదాన్ని. నల్ల షేర్వాణీ, తల మీద టోపీ, తెల్లటి గడ్డం. హైదరాబాదులో పెద్ద యూనివర్సిటీ కుతుబ్‌ఖానాలో పని నేర్చుకున్న మనిషి. లైబ్రరీని ఆయన ఎప్పుడూ కుతుబ్‌ఖానా అనే అనేవారు. బీరువా తీసేటప్పుడు ఇంటి దేవుని గది తలుపు తీసినట్టు తీసేవారు. పాల గంపతో వచ్చిన ఆడదాన్ని మెట్ల దగ్గరే ఆపే రోజులవి, కాని ఆయన నాకు వరండాలో ఒక స్టూలు వేయించారు. “జర కూసో బేటీ, మీ అన్న వస్తుండు,” అనేవారు.

సర్కారు భాష మారింది గనుక ఆ వయసులో చిచ్చా తెలుగు అక్షరాలు నేర్చుకోవలసి వచ్చింది. లెక్చరర్లను అడగడానికి సిగ్గుపడ్డారో ఏమో, పలక పట్టుకుని వరండాలోకి నా దగ్గరికి వచ్చేవారు. నేను మూడో తరగతి దాన్నే అయినా మా పంతులు నాకు నేర్పిన తీరు వేరు, తప్పు రాస్తే ఊరుకునేదాన్ని కాను. తలకట్టు ఏదీ, కొమ్ము ఇటు తిప్పాలె గాని అటా అని గదిమేదాన్ని. లోపల కూర్చున్న పిల్లలు కిసకిస నవ్వేవారు.

“మా ఉస్తాద్ జర సఖ్త్,” అనేవారు చిచ్చా వాళ్ళతో, గడ్డం నిమురుకుంటూ. “సర్కారు జబాన్ మారింది, మరి నౌకర్ జబాన్ మారద్దా?”

ఒకనాడు బదులుగా నాకు ఉర్దూ అక్షరాలు నేర్పుతానన్నారు. రోజుకు రెండు అక్షరాలు, ఏడాదిలో చదివేస్తావు అన్నారు.

“నాకెందుకు చిచ్చా, గది నేర్చుకుంటె బర్రె పాలెక్కువిస్తదా?” అన్నాను.

ఆయన చాలాసేపు నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుకుని గంప ఎత్తుకుని వచ్చేశాను.

ఇంక అన్న సంగతి. వాడు లెక్చరర్ పనితో తృప్తిపడలేదు. హైదరాబాదు యూనివర్సిటీలో పేరు నమోదు చేసుకుని, మన తాలూకాల చెరువుల మీద రీసెర్చి మొదలుపెట్టాడు. అది పూర్తయితే డాక్టరు అంటారట, యూనివర్సిటీలో ఉద్యోగం వస్తుందట. దానికి కావలసిన కితాబులు మాత్రం హైదరాబాదులో లేవు. ఇక్కడే, ఎప్పుడో మూతపడిన ఒక సర్కారు కచేరీ నుంచి వచ్చి మా కాలేజి హాలులో చేరిన రెండు బీరువాల్లో ఉన్నాయి. ఒక్కొక్క చెరువుకు ఒక్కొక్క పేజీ. కట్ట ఎంత, తూములు ఎన్ని, మత్తడి ఏ దిక్కు, మరమ్మతు ఎవరి బాధ్యత, అంతా ఉర్దూలో, అదీ ఫారసీ మాటలు దట్టించిన పాత కచేరీ ఉర్దూలో. చిన్నప్పుడు ఉర్దూ తప్పిందని గంతులు వేసిన మా అన్న, ఇప్పుడు ఆ పుస్తకాల ముందు నాకన్నా అన్యాయంగా కూర్చున్నాడు. పాఠాలైపోయిన తరువాత సాయంత్రాలు చిచ్చా చదివేవారు, అర్థం చెప్పేవారు, అన్న రాసుకునేవాడు. ఒక్కో మాట దగ్గర వాళ్ళిద్దరూ కీచులాడుకుంటుంటే పాల గిన్నెలు కడుక్కుంటూ నేను వరండాలో కూర్చుని వినేదాన్ని. ఇంటికి వచ్చి అన్న ఇవాళ మూడు చెరువులు అయినయి చెల్లె అంటే, మా అత్త, నాట్లు పడ్డ మడుల లెక్క విన్నంత సంబరంగా వినేది.

సగానికి పైగా అయింది. అప్పుడు అన్నకు ఆదిలాబాద్ బదిలీ వచ్చింది.

ఆ రోజుల్లో ఆదిలాబాద్ బదిలీ అంటే ఏమిటో తెలిసినవాళ్ళకు తెలుసు. అడవి, చలిజ్వరం, గోదావరి దాటి పోవడం. కితాబులు కాలేజివి, వెంట తీసుకుపోవడానికి లేదు. అన్న మొహం వేలాడేసుకుంటే చిచ్చాయే ధైర్యం చెప్పారు. “కితాబులు కాళ్ళొచ్చి ఎటు పోతయి సాబ్, సెలవులకు రా, కూసుందాం,” అన్నారు. అన్న రాసుకున్న కాగితాల కట్ట నాకు అప్పగించి, దసరాకు వస్తానని వెళ్ళాడు.

అన్న వెళ్ళిన కొన్నాళ్ళకే, వానలు మొదలయ్యే ముందు, ఒక మధ్యాహ్నం చిచ్చా మా ఇంటికి నడిచి వచ్చారు. అంతకుముందు ఎన్నడూ రాలేదు. షేర్వాణీ చెమటకు తడిసిపోయి ఉంది. మంచం మీద కూర్చుని టోపీ తీసి విసురుకున్నారు. ఆ కాలంలో సాయబులు వస్తే మంచినీళ్ళకు చూరులో చెక్కిన వేరే గిలాస ఉండేది. మా అత్త ఆయన మొహం చూసి, లోపలికి పోయి ఇంటి చెంబులోనే చల్ల తెచ్చి ఇచ్చింది. అప్పుడు చెప్పారు. ఇంగ్లీషు పుస్తకాలు, తెలుగు పుస్తకాలు పెట్టెలకు పెట్టెలు వచ్చాయి, పెట్టడానికి చోటు లేదు, ఉర్దూ చదివే పిల్లలు లేరు గనుక ఆ బీరువాలు ఖాళీ చేసి ఉర్దూ పుస్తకాలన్నీ రద్దీ కాగితాల కింద హర్రాజు వేయమని హుకుం వచ్చింది. చిచ్చా కాళ్ళావేళ్ళా పడితే కాలేజి పెద్దసారు, కావలసినవి మీరు తీసుకుపోండి గాని కాలేజిలో మాత్రం ఉంచవద్దు అన్నారట. చిచ్చా ఉండేది పాతబజారులో కారే పెంకుల కింద ఒక్క గది, అందులో ఇంటిల్లిపాదీ. చెరువుల కితాబులు ఎక్కడ పెట్టాలో తెలియక మా గడప తొక్కారు.

మా ఇంట్లో మాత్రం ఏ బీరువా ఉందని! నేనూ మా ఇంటాయనా మొహాలు చూసుకుంటుంటే మా అత్త లేచి నిలబడింది.

“గుమ్మి బోసిపోయి ఉన్నదిగద. అండ్ల దాస్త.”

నిజమే, కిందటేడు వానలు లేక చెరువు ఎండి, గింజ ఇంటికి రాలేదు. మేదరి అల్లిన అంత పెద్ద గుమ్మి, మనిషి నిలువు గుమ్మి, ఖాళీగా ఉంది. చిచ్చా తటపటాయించారు. కితాబులకు హవా తగలాలె అమ్మా అని నెమ్మదిగా అన్నారు.

“హవా తగుల్తెనే పురుగు వడ్తది సాయబూ. దాసుడెట్లనో నాకు జెప్తవా? ఏండ్ల కొద్ది వడ్లు దాసిన, ఒక్క గింజ ముక్కిపోలే. గింజను కాపాడే గుమ్మి కాయిదాన్ని కాపాడదా?”

ఆ మాటకు ఎదురు చెప్పగల మనిషి మా ఊళ్ళోనే లేడు, చిచ్చా ఎంత? పైగా ఆయనకు వేరే దారి లేదు.

బండి కట్టి మా ఇంటాయన పుస్తకాలు తెచ్చాడు. అత్త ఒక్కో పుస్తకాన్ని కళ్ళకద్దుకుని గుమ్మిలో పేర్చింది. కాలికి కాగితం తగిలితే దండం పెట్టుకునే మనిషి, అక్షరం ముక్క రాదు. వరుసకు వరుసకు నడుమ వేపాకు పరిచింది. వడ్లకైతే నీడన ఎండబెట్టిన వేపాకు వేస్తాం. ఆనాడు మబ్బు కమ్ముకొస్తోంది, చిచ్చా హర్రాజు ముంచుకొస్తున్నదని తొందరపెట్టారు, చెట్టు మీది పచ్చి రెమ్మలే దూసి వేశాం. ఎర్రమన్ను, పేడ, పొట్టు కలిపి నేను తొక్కి ముద్దలు చేసి ఇస్తే అత్త మూతి మీద తట్ట బోర్లించి, సందు లేకుండా మెత్తింది. మెత్తుడు ఆరడానికి మంచి ఎండ కావాలి. ఆ సాయంత్రమే ముసురు పట్టింది.

ఆ ఏడు కురిసినట్టు వాన మళ్ళీ చాలా ఏళ్ళు కురవలేదు. చెరువు నిండి మత్తడి దుంకింది. ఊరంతా పండుగ. నాట్లకు పోయి వచ్చేటప్పుడల్లా అత్త ఆ గుమ్మిని చేత్తో నిమిరేది, మెత్తుడు ఎక్కడైనా పగిలిందేమో తడిమి పచ్చిమట్టి అద్దేది. బోనాలప్పుడు దానికీ పసుపు కుంకుమ పెట్టింది. ఇరుగుపొరుగు అమ్మలక్కలు వచ్చి, ఓ పెద్దవ్వా, ఈ యేడు గుమ్మిల చదువు పోసినవట, ఎన్ని పుట్లు పండుతది అని ఎగతాళి చేస్తే, పండినంక కొలుసుడుకు మీ ఆయన్ల తోలియ్యుండ్రి అనేది.

దసరాకు అన్న వచ్చాడు. జ్వరంతో చిక్కి సగమై ఉన్నాడు, కాని కళ్ళు మాత్రం ఆ గుమ్మి మీదనే. మరునాడు చిచ్చా వచ్చారు. మా ఇంటాయన గుద్దలితో మట్టి పగలగొట్టి తట్ట తీశాడు. లోపలి నుంచి వేడి ఆవిరి మొహానికి కొట్టింది, దాని వెంట నానిన గడ్డి మురిగిన వాసన. నేను అప్పుడే గ్రహించాను. వడ్ల గుమ్మి తీస్తే వచ్చే వాసన నాకు తెలుసు, ఇది అది కాదు.

పుస్తకాలు తీస్తే చేతికి మెత్తగా తగిలాయి. అట్టలు ఉబ్బి, నల్లటి బూజు పట్టి, వేపాకు పసరు ఇంకిపోయి, లోపలి కాగితాలు ఒకదానికొకటి అంటుకుని రొట్టె ముద్దల్లా ఉన్నాయి. సిరా నీలంగా కారి అంచుల వెంట గడ్డకట్టింది. ఒకటి తీశారు, ఇంకొకటి తీశారు, అడుగుదాకా అంతే. అన్న గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. అత్తకు అప్పటికే చూపు మందం. గడపలో కూర్చుని మెడ చాపి అడుగుతోంది.

“ఎట్లున్నయి కొడుకా? పురుగు వట్టలేగద?”

మా ఇంటాయన గుద్దలి కింద పెట్టాడు. అప్పుడు చిచ్చా ఒక పుస్తకం చేతిలోకి తీసుకుని, షేర్వాణీ అంచుతో తుడిచి, అత్త ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు.

“ఒక్క పురుగు వట్టలే అమ్మా. ఇగ జూడు, సదువుత,” అన్నారు.

చదివారు. సాయంత్రాలు వరండాలో విన్న అదే గొంతు, అదే నిదానం. ముందు చెరువు పేరు చదివి, ఆ తరువాత, ఇస్ తాలాబ్ కే పానీ సే తీన్ మౌజే సైరాబ్ హోతే హైఁ, అని చదివి, ఈ చెరువు నీళ్ళతోటి మూడూళ్ళు పచ్చగుంటయి అని తెలుగులో చెప్పారు. ఆ పేరు విని అత్త మొహం విప్పారింది.

“అయ్యో, గది మా అవ్వగారి చెరువేనాయె! గా మత్తడి కాడనే నా పెండ్లి బండి దిగవడ్డది సాయబూ. ఎడ్లు బెదిరినయి. నేను బండ్లనే కూసోని ఏడుస్తున్న, మా అన్నలు నీళ్ళల్ల దిగి...” అని మొదలుపెట్టి, ఆ చెరువు కట్ట, కట్ట మీది పోచమ్మ, చేపలు పట్టే రోజు ఊరంతా గంపలతో దిగడం, అన్నీ చెప్పుకుంటూ పోయింది. చిచ్చా పుస్తకం మూసి, రెండు చేతులతో ఒళ్ళో పెట్టుకుని, ఆమె చెప్పినంతసేపూ విన్నారు.

నేను ఆయన పక్కనే నిలబడి ఉన్నాను. నాకు ఉర్దూ రాదు. కాని ఆయన తెరిచింది పై అట్ట ఒక్కటే అనీ, దాని కింద విడిపోని నల్లటి ముద్ద తప్ప చదవడానికి పేజీ అన్నది లేదనీ నా కళ్ళతో చూశాను. ఆయన చదివింది పుస్తకం నుంచి కాదు. ఏళ్ళ తరబడి చదివి చదివి, ఆ కితాబులన్నీ ఆయనకు నోటికి వచ్చాయి.

మరునాడు పొద్దున అన్నకు ఇదే చెప్పాను. పుస్తకాలు పోతే పోయాయి, చిచ్చా తలలో ఉన్నాయి, సెలవులున్నన్నాళ్ళు ఆయనను కూర్చోబెట్టి చెప్పించుకో, నువ్వు రాసుకో, నీ చెయ్యి నొస్తే నేను రాస్తాను అన్నాను. అన్న నా వైపు చూడనైనా చూడలేదు.

“యాది మీద చెప్పింది రీసెర్చి గాదు చెల్లె. ఏ కితాబు, ఏ పేజీ అని అడుగుతరు. ముసలాయిన చెప్పిండని రాస్తె మొహం మీద కొడ్తరు.”

చదువుకున్నవాడు, పెద్దవాడు. ఇంకోసారి చెప్పి చూశాను. సంచి సర్దుకుంటూ నీకు తెల్వదు అన్నాడు. సెలవులు ఇంకా మిగిలి ఉండగానే ఆదిలాబాద్ బస్సు ఎక్కాడు. రాసుకున్న కాగితాల కట్ట నా దగ్గరే వదిలేశాడు, ఆ తరువాత అడగలేదు.

పుస్తకాలను పెద్ద కుతుబ్‌ఖానాకు పంపిస్తున్నానని చిచ్చా అత్తకు చెప్పి బండికి ఎత్తించారు. మా ఇంటాయన తిరిగి వచ్చి నాతో ఒక్కదానితోనే చెప్పాడు. అక్షరం ఉన్న కాగితాన్ని కాల్చవద్దని, పారే మానేరు వాగులో ఒక్కొక్కటే వదిలారట, ఏదో చదువుకుంటూ. అత్తకు చివరిదాకా తెలియదు. మా గుమ్మిల చదువులు హైద్రాబాదు పోయినయి అని పోయేదాకా వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంది. ఆ ముచ్చట ఆమెకు దక్కనిచ్చినందుకు చిచ్చాకు నేను ఋణపడి ఉన్నాను.

తరువాత చిచ్చా నౌకరీ అయిపోయింది. బిడ్డ దగ్గర ఉండడానికి గోదావరి ఒడ్డున ఉన్న చెన్నూరు పోయారు. పోయేముందు వచ్చి మా వాకిట్లో నిలబడి, తన పేరు తెలుగులో పలక మీద రాసి నాకు చూపించారు. అన్ని తలకట్లూ సరిగ్గా ఉన్నాయి. ఈసారి గదమడానికి ఏమీ దొరకలేదు.

అన్న మనసు మారడానికి ఇంకా కొంతకాలం పట్టింది. ఏం జరిగిందో, ఎవరు చెప్పారో తెలియదు. పేజీ నంబరు లేకపోతే మానె, అసలు సంగతైతే దొరకాలె గద అనుకున్నాడట. తెల్లకాగితాల దస్తా కొనుక్కుని, ఆదిలాబాద్ నుంచి బస్సు మారుతూ చెన్నూరు పోయాడు. చిచ్చాకు అప్పటికే పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. అన్నను గుర్తుపట్టారు. కాగితాలు చూశారు. ఎందుకు వచ్చాడో కూడా తెలిసింది. పెదవులు కదిపారట, ఒకటి తరువాత ఒకటి, సాయంత్రాల్లో చదివినట్టే నిదానంగా, ఆపకుండా. శబ్దం లేదు. చీకటి పడేదాకా అన్న ఆ పెదవులు చూస్తూ కూర్చుని, దస్తా అట్లాగే పట్టుకుని తిరిగి వచ్చాడు. ఈ సంగతి నాకు ఒక్కసారే చెప్పాడు, ఆ తరువాత వాడు బతికినన్నాళ్ళూ మేమిద్దరం చెరువుల మాట ఎత్తలేదు. డాక్టరు కాలేదు, యూనివర్సిటీకి పోలేదు. పాఠాలు చెప్పి చెప్పి రిటైరయ్యాడు, పోయాడు. వాడు వదిలేసిన కట్టను నేను దాచాను గాని, ఒక వానాకాలం చెదలు తిన్నది. దాచడం మీద నాకున్న నమ్మకం అంతటితో పోయింది.

ఇదంతా బస్సు దిగిన రెండో నాడు మనవరాలికి చెప్పాను. అది ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు, ఎగిరి గంతేసింది. ఇప్పుడు కాలం మారిందట. ముసలివాళ్ళ నోట విన్నది కూడా రీసెర్చియేనట. రీసెర్చి చేసేవాళ్ళే ఊరూరూ తిరిగి, అరుగుల మీద కూర్చున్నవాళ్ళను బతిమాలి అడిగి, ఫోనులో పట్టుకుని, చెప్పినవాళ్ళ పేరు కింద రాసుకుంటారట. అదే మా అన్న కాలంలో ఉండి ఉంటే! చెప్పే మనిషి మా వాకిట్లో, రాసే మనిషి అదే వాకిట్లో, నడుమ నాలుగు బారల దూరం. ఇప్పుడు లైట్లున్నాయి, చల్లటి గాలి ఉంది, నోటిమాటకు కూడా విలువ ఉంది. అత్తగారి పుట్టింటి చెరువు మాత్రం గ్రానైట్ బండలు పేర్చిన యార్డు అయింది. బస్సులో పోతుంటే కనిపిస్తుంది.

పిల్ల ఫోను నా ముందు పెట్టి, చిచ్చా ఆనాడు ఏం చదివిండో చెప్పు బాపమ్మా అన్నది. చెరువు పేరు చెప్పాను. ఇస్ తాలాబ్ కే పానీ సే తీన్ మౌజే సైరాబ్ హోతే హైఁ అన్నాను. ఆ మూడూళ్ళు ఏవి, తర్వాత ఏం చదివిండు అని అడిగింది. తరువాత మా అత్త మాట్లాడడం మొదలుపెట్టింది, ఆయన పుస్తకం మూశారు. ఆయన నాకు నేర్పుతానన్న అక్షరాలు నేను నేర్చుకోలేదు.

పిల్ల కొంతసేపు ఆగి చూసింది, నాకు ఇంకేమైనా యాదికి వస్తుందేమోనని. తరువాత ఆ ఫోను నాకు వినిపించింది. నా గొంతు ఒక్క వాక్యం పలికింది. ఆ వెనుక చాలాసేపు మా ఇంటి ఫ్యాను తిరుగుతున్న చప్పుడే ఉంది.